పరదేశపు పెట్టుబడి – మన వసారా లెక్క

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఫలానా దేశపు కంపెనీ మన రాష్ట్రానికి వచ్చి ఇన్ని వేల కోట్లు పెట్టుబడి పెడుతోందని పత్రికలో పెద్ద అక్షరాలతో వేస్తారు. మనలో చాలామందిమి ఆ పేజీ తిప్పేసి బంగారం ధర ఎంత ఉందో చూసుకుంటాం. కోట్ల సంగతి మగవాళ్ళది, కిలోల సంగతి మనది అని ఎవరు వాటాలు వేశారో గానీ, ఆ వాటా సరిగా పడలేదు. ఆ వేల కోట్ల మాట వెనక ఉన్నవి నీళ్ళు, కరెంటు, రోడ్డు, మన పిల్లల కొలువులు. వీటిలో మన గడప తొక్కనిది ఏదైనా ఉందా? అందుకని ఈవేళ ఈ పరదేశపు పెట్టుబడి మా అనంతపురం సీమకు ఎప్పుడెప్పుడు వచ్చింది, వచ్చి ఏం చేసింది అన్నదాన్ని గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం.

ముందు అప్పుకూ పెట్టుబడికీ తేడా చూద్దాం. మీకు డబ్బు అవసరం పడింది. ఒకామె వచ్చి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చింది. మీ వ్యాపారం సాగినా సాగకపోయినా నెల తిరిగేసరికి ఆమె వడ్డీ ఆమెకు కట్టాల్సిందే. ఇది అప్పు. ఇంకొకామె వచ్చి, "మీ వసారా ఖాళీగా ఉంది గదా వదినా, నాలుగు కుట్టుమిషన్లు తెచ్చి పెడతాను, మీ అమ్మాయికీ పని ఇస్తాను" అంది. మిషన్లు ఆమెవి. లాభం వస్తే ఆమెకే, నష్టం వచ్చినా ఆమెకే. ఇది పెట్టుబడి. అయితే వసారా మీది, నీళ్ళు మీవి, కరెంటు బిల్లులో కొంత మీది. మీ అమ్మాయి అక్కడ కాజాలు కుట్టడంతో ఆగిపోతుందా, కత్తిరింపు కూడా నేర్చుకుంటుందా అన్నదాన్నిబట్టే చివరికి మీకు మిగిలేది ఉంటుంది.

ఇక మూడో రకం ఒకటుంది. మిషన్లు తెచ్చినామె, "నాకు నష్టం వస్తే నువ్వే భర్తీ చెయ్యాలి" అని ముందే కాగితం రాయించుకోవడం. అది పేరుకు పెట్టుబడి, నిజానికి అప్పు. రాయలసీమలోకి పరదేశపు డబ్బు మొదట అడుగుపెట్టింది ఈ మూడో రకంగానే. ఆ కథ చెప్పుకునే ముందు, అంతకుమునుపు ఇక్కడివారు తమ పెట్టుబడులు ఎట్లా పెట్టుకునేవారో చూడాలి.

కొత్తచెరువు అన్న పేరులోనే చెరువు ఉంది. దగ్గరలోనే బుక్కపట్నం చెరువు, ఇంకాస్త అవతల ధర్మవరం చెరువు. జిల్లాకు పేరు తెచ్చిన అనంతపురం కూడా చెరువు పక్కన వెలిసిన ఊరే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే పీఠభూమి ఇది. పడ్డ చినుకును పట్టి నిలుపుకోకపోతే వేసవికి గొంతు తడవదు. అందుకే విజయనగర రాజుల కాలంలో ఈ సీమలో పెట్టుబడి అంటే చెరువే. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. రెండేళ్ళపాటు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసిన లెక్క అందులో చెక్కించారు. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలు పన్నెండు అని కూడా చెప్పించారు. మనం పెళ్ళి ఖర్చుకు పద్దు రాసుకున్నట్టే, వారు చెరువు ఖర్చుకు రాతి మీద రాసుకున్నారన్నమాట.

చెరువులన్నీ రాజులే కట్టించలేదు. ఊళ్ళో కలిగినవారు కూడా కట్టించారు. వారికి ప్రతిఫలంగా "దశబంధం" అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవారికి, లేదా తెగిన కట్టను బాగుచేయించినవారికి, ఆ చెరువు కింద కొంత మాన్యంగానీ శిస్తులో కొంత వాటాగానీ ఇచ్చేవారు. ఆ మాన్యం అనుభవిస్తున్నన్నాళ్ళూ చెరువు మరమ్మతు వారే చూడాలి. ఇందులో ఉన్న తెలివి గమనించారా? డబ్బు పెట్టినవాడి పొలమూ ఆ చెరువు కిందే ఉంది. చెరువు నిండితే ఊరివారితోపాటు వాడూ బాగుపడతాడు. చెరువు ఎండితే ఊరివారితోపాటు వాడి గాదె కూడా ఖాళీ. లాభం ఒకచోట, నష్టం ఇంకొకచోట పడకుండా రెండింటినీ ఒకే ముడిలో వేశారు. ఈ ముడిని గుర్తుంచుకోండి, మిగతా కథకంతా ఇదే కొలబద్ద.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కుంఫిణీకి దత్తం చేశాడు. తరువాత 1858లో లండనులో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒకటి ఏర్పడింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వి, పొలాలకు నీళ్ళు, పడవలకు దారి రెండూ ఇవ్వాలని సంకల్పం. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొరగారి ఆలోచనలోంచి పుట్టిన పథకమే ఇది. ఇంగ్లండులో వాటాలు కొన్నవారికి ఒక హామీ ఇచ్చారు. పది లక్షల పౌన్ల మూలధనం మీద, కాలువ సంపాదించినా సంపాదించకపోయినా, ఏడాదికి నూటికి అయిదు వడ్డీ ప్రభుత్వం కడుతుంది. ప్రభుత్వం ఎక్కడినుంచి తెచ్చి కడుతుంది? మన రైతు కట్టే శిస్తులోంచే గదా!

ఏమైందో వినండి. కట్టడపు ఖర్చు అంచనాలు దాటిపోయింది. ఆ డబ్బు చాలక మళ్ళీ ప్రభుత్వమే అప్పు ఇవ్వవలసివచ్చింది. 1871 నాటికి సుమారు 190 మైళ్ళ కాలువ తయారైంది. తీరా చూస్తే నీళ్ళు తీసుకునే రైతు లేడు. అక్కడివి రేగడి నేలలు. ఒక మంచి వాన పడితే తేమను పట్టి ఉంచుకుని జొన్న పండిస్తాయి. కాలువ నీటికి పన్ను కట్టి, మాగాణి సేద్యానికి మళ్ళీ ఖర్చుపెట్టి, తెలియని పంట వేయడానికి రైతు ముందుకు రాలేదు. "నీకు ఏ నేల ఉంది, ఏ పంట వేస్తావు" అని ముందుగా రైతునడిగితే ఈ సంగతి తెలిసేది. కానీ లండనులో వాటాదారుకు ఆ ప్రశ్న అడగవలసిన అవసరమేముంది? కాలువ పారినా పారకపోయినా అయిదు రూపాయలు వస్తూనే ఉన్నాయి. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీకి డబ్బిచ్చి కాలువను కొనేసింది. దశబంధంలోని ముడి ఇక్కడ విడిపోయింది చూశారా?

కాలువ చెడ్డదని నేననడం లేదు. ఆ కె.సి. కాలువ కింద ఈనాటికీ కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో వరి పండుతోంది. అక్కడి బియ్యం మన వంటింటికీ వస్తోంది. చెడ్డది కాలువ కాదు, కాగితం.

రైలుబండి కథ కూడా ఈ వరసలోదే. 1849లో ఈ దేశంలో మొదటి రైలు కంపెనీలతో ఒప్పందాలు రాసుకున్ననాటి నుంచి ఇదే నూటికి అయిదు హామీ నడిచింది. మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా 1871లో రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. అయిదేళ్ళు తిరక్కుండానే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణదేశంలో లక్షల మంది ఆకలితో, రోగాలతో పోయారు. అప్పట్లో మన అనంతపురం ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలో భాగం. కరువు కోరలకు బాగా చిక్కిన జిల్లాల్లో అదొకటి.

రైలు ధాన్యం తెచ్చింది, అందులో అబద్ధం లేదు. మద్రాసు రేవులో దిగిన బియ్యం బస్తాలు ఈ సీమ స్టేషన్లకు చేరాయి. కానీ వాన లేక పొలం పని లేదు, పని లేక కూలి లేదు. కూలి లేనివాడు ఆకాశాన్నంటిన ధర పెట్టి ఆ బియ్యం ఎట్లా కొంటాడు? స్టేషనులో బస్తాలుండగానే స్టేషను బయట జనం అలమటించారు. దారి వేస్తే సరుకు వస్తుంది. ఆ సరుకు మన పొయ్యి మీదికి రావాలంటే మాత్రం చేతిలో పని ఉండాలి. అభివృద్ధి లెక్కలు చెప్పేవారు ఈ రెండో సగాన్ని తరచు మరిచిపోతారు.

కరువు తరువాత 1880లో కరువు కమిషను నివేదిక ఇచ్చింది. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయింది. అదే ఏడు లండనులో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. 1890 దశకం తొలి సంవత్సరాల్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు చిన్న పట్టాల బండి నడిచింది. ఈనాడు మనం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయే దారి మూలాలు అక్కడున్నాయి.

స్వరాజ్యం వచ్చాక ఈ అనుభవాలన్నీ మన పెద్దల మనసులో ఉన్నాయి కాబట్టే, పరదేశపు కంపెనీలంటే చాలాకాలం తలుపు సగమే తెరిచి ఉంచారు. 1991లో ఆ తలుపు మొత్తంగా తీయక తప్పలేదు. దిగుమతులకు చెల్లించే విదేశీ ద్రవ్యం కొన్ని వారాలకు సరిపోయేంత మాత్రమే ఉంది. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో కుదువ పెట్టింది. ఇంట్లో గాజులు తాకట్టు పెట్టవలసివచ్చిన ఇల్లాలికి ఆ బాధేమిటో వేరే చెప్పాలా? మన తెలుగువారు పి.వి. నరసింహారావు గారు అప్పుడు ప్రధానమంత్రి. అదే నెల 24న ప్రకటించిన కొత్త పారిశ్రామిక విధానంలో, ముఖ్యమైన పరిశ్రమల్లో విదేశీయులు నూటికి 51 వంతుల వాటా తీసుకోవచ్చునన్నారు. తరువాతి ఏళ్ళలో కార్ల పరిశ్రమలో నూటికి నూరు పాళ్ళూ పెట్టుకునే వీలు వచ్చింది.

ఇప్పుడు మా ఊరి పక్కకు వద్దాం. 2017 ఏప్రిల్ 27న కొరియా దేశపు కియా కార్ల కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, అంటే ఆనాటి లెక్కన సుమారు 7 వేల కోట్ల రూపాయలు. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే శక్తి. 2019 ఆగస్టు 8న అమ్మకానికి తయారైన మొదటి కారు బయటికి వచ్చింది. 2023 జూలై నాటికి పది లక్షలు పూర్తయ్యాయి. ఈ మధ్యలో 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి ముఖ్యపట్టణంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, కొత్తచెరువూ పెనుకొండా రెండూ అందులోకి వచ్చాయి.

వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే సీమకు, పిల్లలు బెంగళూరుకు బస్సెక్కిపోయే సీమకు, కార్ల ఫ్యాక్టరీ ఎట్లా వచ్చింది? ఇతర రాష్ట్రాలు కూడా పోటీపడిన కంపెనీ అది. రహస్యమేమీ లేదు. హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి ఆ ఫ్యాక్టరీ ముందునుంచే పోతుంది. పక్కనే రైలుంది. దేవనహళ్ళి విమానాశ్రయం 2008లో వచ్చింది. కార్లు ఎగుమతి చేయడానికి చెన్నై రేవుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు వచ్చాయి. శ్రీశైలం జలాశయంలోని కృష్ణా నీటిని మెట్టుమెట్టుగా పంపులతో పైకెత్తి తెచ్చే హంద్రీ–నీవా పథకం 2012లో జీడిపల్లికి, 2016 చివర పెనుకొండ పక్కనున్న గొల్లపల్లి జలాశయానికి చేరింది. ఆ నీరు గొల్లపల్లికి చేరిన అయిదు నెలలకు కియా ఒప్పందం. ఈ వరస గమనించండి. పరదేశపు డబ్బు వచ్చి మనకు రోడ్డు, నీళ్ళు తేలేదు. మన డబ్బుతో రోడ్డు, నీళ్ళు వచ్చాక పరదేశపు డబ్బు వచ్చింది.

మా వీధికి పూలు తెచ్చే ఆమె ఒకరోజు నన్నడిగింది. "ఏం అక్కా, కార్లు చేసేదానికి నీళ్ళెందుకు? ఇనుము గదా అది?" అని. రంగు వేసే ముందు కారు ఒంటిని పలుమార్లు కడుగుతారనీ, తయారైన బండి మీద నీళ్ళు చిమ్మి ఎక్కడైనా కారుతోందేమో చూస్తారనీ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే చెరువులు నింపినంక ఇస్తారా, ఇచ్చినంక నింపుతారా?" అంది. ఇంత సూటి ప్రశ్న నేను ఏ పత్రికలోనూ చదవలేదు. హంద్రీ–నీవా తలపెట్టింది నాలుగు జిల్లాల్లో ఆరు లక్షల ఎకరాలకు నీరివ్వడానికి, తాగునీటికి. ఆ పంపులు తిప్పే కరెంటు ఖర్చు ప్రజలది. కాబట్టి ఏ ఏడు ఎన్ని నీళ్ళు వచ్చాయి, ఎన్ని పొలానికి, ఎన్ని కొళాయికి, ఎన్ని ఫ్యాక్టరీకి అన్న లెక్క ఊరివారికి తెలియాలి. ఇది దెబ్బలాట కాదు, పద్దు అడగడం.

ఇక ఆ వచ్చిన కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే మనకు ఇంకో సంగతి బోధపడుతుంది. కియా 1944లో పుట్టినప్పుడు చేసింది ఉక్కు గొట్టాలు, సైకిలు భాగాలు. 1950 దశకం మొదట్లో, యుద్ధంలో నలిగిపోతున్న రోజుల్లోనే, సైకిలు తయారుచేసింది. 1962లో జపాను మజ్దా కంపెనీ పరిజ్ఞానంతో మూడు చక్రాల బండి, 1974లో మజ్దా నమూనాతో కారు. మొదట పరాయివారి దగ్గర నేర్చుకుని, తరువాత తమ చేతితో చేశారు. ఆ దేశం 1965లో జపానుతో సంధి చేసుకుని తెచ్చుకున్న డబ్బును పంచి తినకుండా ఉక్కు ఫ్యాక్టరీ వంటి పనులకు పెట్టింది. 1970లో సియోల్ నుంచి బూసాన్ రేవుకు 428 కిలోమీటర్ల పెద్ద రోడ్డు పూర్తిచేసింది. మొన్నమొన్నటి దాకా మనలాగే పేదదేశం అది.

అయితే వారికీ ఎదురుదెబ్బ తగిలింది. కొరియా కంపెనీలు, బ్యాంకులు విదేశాలనుంచి కొద్దికాలపు అప్పులు విపరీతంగా తెచ్చాయి. 1997లో అప్పులవాళ్ళంతా ఒక్కసారి గుమ్మంలో నిలబడ్డారు. కియా కూడా ఆ ఏడే కుప్పకూలింది. మరుసటేడు హ్యూందాయ్ దాన్ని తీసుకుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తెచ్చి దేశం నిలదొక్కుకోవలసి వచ్చింది. 1998 జనవరిలో బంగారం సేకరణ మొదలుపెడితే, ఆ దేశపు ఇల్లాళ్ళు పెళ్ళి ఉంగరాలు, పసిపిల్లల మొదటి పుట్టినరోజుకు పెట్టిన ఉంగరాలు తెచ్చి వరసల్లో నిలబడ్డారు. సుమారు 35 లక్షల మంది, 227 టన్నుల బంగారం! దేశం అప్పు 2001లోనే, గడువుకు ముందే తీరింది. ఆ ఇల్లాళ్ళు కంపెనీల పద్దులు ఎన్నడూ చూసి ఉండరు. చెడినప్పుడు మాత్రం వారి వేలి ఉంగరమే జవాబు చెప్పింది.

అందుచేత సోదరీమణులారా, పరదేశపు పెట్టుబడి వచ్చిందనగానే హారతి పట్టవద్దు, తలుపూ మూయవద్దు. ఇంటికి ఏ కొత్త లెక్క వచ్చినా అడిగే ప్రశ్నలే అడుగుదాం.

మొదటిది, నష్టం వస్తే ఎవరిది? ఈ విషయంలో కె.సి. కాలువ కన్నా పెనుకొండ ఫ్యాక్టరీ నయం. కార్లు అమ్ముడుపోకపోతే కంపెనీకి మనం నూటికి అయిదు కట్టనక్కర్లేదు. కానీ స్థలం, నీరు, కరెంటు సమకూర్చి, పన్నుల్లో రాయితీలు ఇచ్చింది మన ప్రభుత్వమే. అదీ ఖర్చే. దాన్ని ఖర్చు పద్దులో రాయాలి.

రెండోది, విద్య ఎవరికి? స్థానికులకు నూటికి 75 ఉద్యోగాలివ్వాలని 2019లో మన శాసనసభ చట్టం చేసింది. దానిమీద హైకోర్టులో వ్యాజ్యమూ నడిచింది. చట్టం గేటు దాకా తీసుకుపోతుంది, లోపల కుర్చీ ఇప్పించేది చదువే. పక్క ఊరి కుర్రవాడు, ముఖ్యంగా పక్క ఊరి ఆడపిల్ల, ఊడ్చే పని దగ్గర ఆగిపోకుండా యంత్రం విప్పి బిగించే పని దాకా వెళ్ళాలంటే మన ఐ.టి.ఐ.ల్లో, పాలిటెక్నిక్కుల్లో పంతుళ్ళూ పనిముట్లూ ఉండాలి. కియా జపానువారి దగ్గర నేర్చినట్టు, మనవారు కియా దగ్గర నేర్వాలి.

మూడోది, రేపు వారు వెళ్ళిపోతే ఏం మిగులుతుంది? 2020 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తరలిపోతుందని ఒక వార్త వచ్చింది. కంపెనీ, ప్రభుత్వం రెండూ కాదన్నాయి. అయినా ఆ రెండు రోజులూ ఇక్కడ ఎన్ని ఇళ్ళలో అన్నం సయించలేదో! మిషన్లు మోసుకుపోవచ్చు. నిండిన చెరువును, నేర్చిన విద్యను ఎవరూ మోసుకుపోలేరు.

చివరగా ఒక్క మాట. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజం మేలుకు ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే చోటికి మొదటి తాంబూలం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. వెనుకటి దశబంధాన్ని తలపించే ఏర్పాటు ఇది. ఆ డబ్బు ఏ చెరువు పూడిక తీయడానికి, ఏ బడికి, ఏ ఊరి మంచినీటికి పోయిందని గ్రామసభలో, వార్డు సభలో అడిగే హక్కు మనకుంది. పట్నంలో ఉన్నవారు మీ మీ ఊళ్ళ దగ్గర ఉన్న ఫ్యాక్టరీల సంగతి ఇట్లాగే అడగండి. పాలవాడి లెక్క, చీటీ లెక్క తప్పిపోకుండా చూసే మనకు ఈ లెక్క అందనిదేమీ కాదు.